సముద్రంలో రిపీట్ పట్టుకున్న మా నాయన

మా షోలాపూర్‌లో నల్లా నీళ్ళు నాలుగైదు రోజులకు ఒకసారి వస్తాయి. వచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ ఒకటే పరుగు. డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, ఆఖరికి పూజ చెంబులు కూడా నింపి పెట్టుకుంటాం. సముద్రం చూడాలంటే రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైనే పోవాలి. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన నేను తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని నీళ్ళు తయారు చేయడం. తాగే నీళ్ళు కాదు, వీడియో గేముల్లో కనిపించే సముద్రం నీళ్ళు. చుట్టాలెవరైనా "మీ వాడు ఏం పని జేస్తడు?" అని అడిగితే అమ్మ "కంప్యూటర్ పని" అని మాట తిప్పేసేది. నాయన అయితే ఏమీ అనేవాడు కాదు. ఆ ఏమీ అనకపోవడం వెనుక రెండు సాంచెలు ఉన్నాయి.

మా తాత నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిల్లులో చేరినవాడు. ఆ మిల్లు మూతపడే నాటికి నాయన పవర్‌లూమ్ కార్ఖానాలో పనికి కుదిరాడు. పన్నెండు గంటల డ్యూటీ, జకార్డ్ చద్దర్ల మీద. పదిహేనేళ్ళు పైసా పైసా కూడబెట్టి, అమ్మ రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన డబ్బు కలిపి, ఇంటి వెనుక రేకుల షెడ్డు వేసి, పాతవి నాలుగు సాంచెలు కొన్నాడు. మొదటి రోజు వాటికి కొబ్బరికాయ కొట్టినప్పుడు నాయన ముఖం ఎలా వెలిగిందో నాకు ఇప్పటికీ గుర్తే.

2012లో నేను పుణెలో యానిమేషన్ కోర్సు చేస్తానన్నాను. ఫీజు కోసం నాయన నాలుగింటిలో రెండు సాంచెలు అమ్మేశాడు. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పిన ఆ సంస్థవాళ్ళు కోర్సు సగంలో ఉండగానే మంచి మాస్టర్లను పంపించేశారు. చివరికి చేతికి ఒక సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం రాలేదు. రెండేళ్ళు పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసి బతికాను. పగలు ఆ పని, రాత్రి సొంతంగా చదువు. తర్వాత విదేశీ గేములకు పని చేసిపెట్టే ఒక చిన్న స్టూడియోలో చేరాను. ఇన్నేళ్ళలో నాయన ఒక్కసారి కూడా "నీ వల్ల సాంచెలు పోయినయి" అనలేదు. అనుంటే బాగుండేదని నేనే చాలాసార్లు అనుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది రెండేళ్ళ కిందటి మాట. నూలి పున్నమికి ఇంటికి వచ్చాను. ఆ రోజు మార్కండేయ స్వామి రథం తీస్తారు. ఏ ఊళ్ళో ఉన్న పద్మశాలి పిల్లలైనా వీలుంటే ఆ రోజుకు షోలాపూర్ చేరుకుంటారు. అందరూ స్వీటు డబ్బాలతో వస్తే నేను లాప్‌టాప్ మోసుకుని వచ్చాను. మేం ఓడల గేమ్ ఒకటి చేస్తున్నాం. అందులో సముద్రం నా పని. పని ఇచ్చినవాళ్ళు మూడుసార్లు వాపసు పంపారు. ప్రతిసారీ ఒకటే మాట: "నిజం నీళ్ళలా అనిపించడం లేదు." ఎందుకు అనిపించడం లేదో వాళ్ళు చెప్పరు, అది కనిపెట్టాల్సింది మేమే. పదిహేను రోజుల్లో సరిచేయకపోతే ఆ పని వేరే స్టూడియోకు పోతుంది. పోతే మా టీమ్‌లో ఐదుగురి జీతాలు అనుమానమే.

అసలు ఈ నీళ్ళు ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి. ముందు ఒక చదునైన వల అనుకోండి, పడుగు పేకల్లాగ అడ్డం నిలువు గీతలు. ఆ గీతలు కలిసే ప్రతి చోటునూ పైకి కిందికి కదుపుతుంటే అలలు కనిపిస్తాయి. కదపడం ఎలా అన్నదే లెక్క. సినిమావాళ్ళకు ఒక్క బొమ్మ తయారు కావడానికి గంటలు పట్టినా నడుస్తుంది. 1997లో వచ్చిన 'టైటానిక్'లో కంప్యూటర్ మీద చేసిన సముద్రం చాలాచోట్ల ఉంది. గేములో ఆ వీలు లేదు. ఆడేవాడు ఓడను ఎటు తిప్పుతాడో ముందుగా ఎవరికీ తెలియదు. సెకనుకు 60 బొమ్మలు అప్పటికప్పుడు తయారు కావాలి. అంటే ఒక్కోదానికి దొరికేది 16 మిల్లీసెకన్ల పై చిల్లర. ఓడ, మనుషులు, ఆకాశం, మబ్బులు అన్నీ అందులోనే. నీళ్ళ వాటాకు రెండు మూడు మిల్లీసెకన్లు దక్కితే మా అదృష్టం.

అలల లెక్క మాత్రం కొత్తది కాదు. 1802లో ప్రాగ్ నగరంలో ఫ్రాంజ్ జోసెఫ్ గెర్స్ట్‌నర్ అనే పండితుడు ఒక సంగతి రాసిపెట్టాడు. అల ముందుకు పోతుంది గాని నీళ్ళు పోవు. నీటి మీద తేలే కొబ్బరికాయ అల వచ్చినప్పుడు పైకి లేచి కొంచెం ముందుకు జరుగుతుంది, దిగి కొంచెం వెనక్కి వస్తుంది. గుండ్రంగా తిరిగి దాదాపు ఉన్నచోటికే చేరుతుంది. అలా తిరగడం వల్లనే అల కొస సన్నగా, అడుగు వెడల్పుగా ఉంటుంది. మేం ఇప్పటికీ గేముల్లో ఆ లెక్క వాడతాం. ఆయన అది రాసిన రెండేళ్ళకు, 1804లో, ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జకార్డ్ తన మగ్గం బయటపెట్టాడు. మన ఇళ్ళలో తిరిగిన అట్టల జకార్డ్‌కు మూలం అదే. అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేదు. ఆ అట్టల ఆలోచననే తర్వాత ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అరువు తీసుకున్నాడు. కాబట్టి మన పనికీ కంప్యూటర్ పనికీ చుట్టరికం పాతదే.

ఒక్క అలతో సముద్రం కాదు. పెద్దవి, చిన్నవి వేల అలలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పోతుంటాయి. వాటి వేగం కూడా ఒకటి కాదు. లోతైన నీళ్ళలో 100 మీటర్ల పొడవున్న అల గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోతుంది, ఒక మీటరు పొడవున్నది మనిషి నడకతో, అంటే నాలుగున్నర కిలోమీటర్లతో పోతుంది. ఇది తప్పితే చూసేవాడికి ఎందుకో చెప్పలేకపోయినా ఏదో తేడా అనిపిస్తుంది.

ఇప్పుడు వలకు అడ్డం 512, నిలువు 512 గళ్ళు అనుకుందాం. మొత్తం 2,62,144. అన్ని అలలను ప్రతి గడి దగ్గర విడివిడిగా కూడితే ఒక్క బొమ్మకు 6,871 కోట్ల కూడికలు. నీళ్ళ వాటాకు దక్కే రెండు మూడు మిల్లీసెకన్లలో ఆడేవాళ్ళ ఇళ్ళలోని మామూలు యంత్రాలు అన్ని కూడికలు చేయలేవు. 1965లో కూలీ, టూకీ అనే ఇద్దరు అమెరికా గణితవేత్తలు ఇలాంటి కూడికలకు ఒక అడ్డదారి ప్రచురించారు. ఆ దారిలో పోతే అదే పని సుమారు 47 లక్షల కూడికల్లో అయిపోతుంది. సముద్రానికి దాన్ని ఎలా వాడాలో జెర్రీ టెస్సెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త 2000 ప్రాంతంలో గ్రాఫిక్స్ వాళ్ళకు పాఠంగా రాసిపెట్టాడు. మా పనిలో ఉన్నవాళ్ళలో ఆ పాఠం చదవనివాడు ఉండడు.

ఈ అడ్డదారిలో ఒక మెలిక ఉంది. లెక్క చేసేది మొత్తం సముద్రానికి కాదు, ఒక ముక్కకే. ఆ ముక్క ఎడమ అంచు కుడి అంచుకు, పై అంచు కింది అంచుకు అతుకు తెలియకుండా సరిపోతాయి. ఆ ఒక్క ముక్కనే పక్కపక్కన పరుచుకుంటూ పోతాం. మా చద్దర్ల భాషలో చెప్పాలంటే రిపీట్.

ఇది నాకు తెలియక కాదు. తెలిసే మూడు పొరలు వేశాను. 256 మీటర్ల ముక్క ఒకటి పెద్ద అలలకు, 64 మీటర్లది మధ్యరకానికి, 16 మీటర్లది చిన్న అలలకు. మూడు కలిస్తే రిపీట్ కనపడదని నమ్మి, తప్పు రంగులో ఉందనుకుని మూడు వారాలు రంగుతో కొట్లాడాను.

రంగు కూడా కష్టమైనదే. సిద్ధేశ్వర్ చెరువు మెట్ల మీద నిలబడి మీ కాళ్ళ దగ్గర నీళ్ళలోకి చూడండి, మెట్టు, దాని మీద పాకుడు కనిపిస్తాయి. తలెత్తి దూరంగా చూడండి, నీళ్ళు కనిపించవు, ఆకాశం కనిపిస్తుంది. నిటారుగా చూసినప్పుడు నీటి మీద పడ్డ వెలుతురులో నూటికి రెండు వంతులే తిరిగి వస్తుంది. చూపు ఏటవాలు అయ్యేకొద్దీ దాదాపు అంతా తిరిగి వస్తుంది. దాని లెక్క ఫ్రెనెల్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త కట్టాడు. ఇక నురుగు. చద్దర్‌ను రెండు వైపుల నుంచి నెడితే మధ్యలో ముడత లేచి ఒకదాని మీద ఒకటి పడుతుంది కదా. వలలో అలా ముడత పడే చోట్లు లెక్కలో దొరుకుతాయి, అక్కడ నురుగు పూస్తాం. ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా నీళ్ళు నీళ్ళలా లేవు.

రథం చూసి వచ్చిన సాయంత్రం లాప్‌టాప్‌ను ఇంట్లో టీవీకి తగిలించి, ఓడ స్తంభం పై నుంచి సముద్రం చూపిస్తూ వదిలేసి టీ తాగుతున్నాను. నాయన కాళ్ళు నొప్పులని గడప దగ్గర కూర్చున్నాడు. అక్కడి నుంచి టీవీ పది అడుగులు ఉంటుంది. కాసేపు చూసి అడిగాడు.

"ఇది ఎన్ని పిక్కుల రిపీట్‌రా?"

నాకు అర్థం కాలేదు. "రిపీట్ ఏంది నాయనా? అది సముద్రం."

"సముద్రమో చెరువో నాకు తెల్వదు. గా రెండు మిట్టల నడుమ నల్లటి గుంట ఉన్నది చూడు. గదే గుంట గా పక్కన. మళ్ల గా పక్కన. చద్దర్ల నెమలి వచ్చినట్టు వస్తున్నది."

లేచి వచ్చి టీవీ మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఏడు దాకా. ఆయన వేలు పెట్టిన తర్వాత నాకు ఇంకేమీ కనిపించలేదు, ఆ గుంటలే కనిపించాయి. మూడు వారాలు నేను లాప్‌టాప్‌కు ముక్కు ఆనించి, ఓడ మీద నుంచి దగ్గరి నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. నాయన మాత్రం ముప్పై ఏళ్ళుగా చద్దర్‌లో తప్పు వెతికినట్టే, దూరంగా నిలబడి, చూపు సగం మూసి చూశాడు.

అప్పుడు మూడు పొరల సంగతి చెప్పాను. "ఎన్నెన్ని?" అన్నాడు. 256, 64, 16 అన్నాను. నాయన ఏడో తరగతి చదివినవాడు. నవ్వాడు.

"అన్నీ ఒకదాంట్ల ఒకటి సరిగ్గ పోతయి గదరా. ఇగ మూడు పెట్టి ఏం లాభం? పన్నెండు పోగులకు ఒక ఎర్ర చార, పద్దెనిమిదికి ఒక పచ్చ చార పెట్టు. ముప్పై ఆరుకు రెండూ మళ్ల ఒక్కకాడికి వస్తయి. అదే పన్నెండుకు ఒకటి, పదిహేడుకు ఒకటి పెట్టు. రెండు వందల నాలుగు దాంక కలువయి."

నేను చేసిన తప్పు అదే. ఆ అడ్డదారి లెక్కకు గళ్ళ సంఖ్య 512 లాగ రెట్టింపు అయ్యే అంకె అయితే మంచిది. కానీ ఆ ముక్క మీటర్లలో ఎంత ఉండాలన్న దానికి అలాంటి నియమం ఏమీ లేదు. చూడటానికి ముచ్చటగా ఉంటాయని ఆ అంకెలే అక్కడా పెట్టేశాను. ఆ రాత్రి 256ను 251 చేశాను, 64ను 83, 16ను 19. ఈ మూడింటిలో ఏదీ ఇంకోదాంట్లో పోదు. మూడూ కలిసి మళ్ళీ మొదటికి రావాలంటే 3,95,827 మీటర్లు పోవాలి. దగ్గర దగ్గర 396 కిలోమీటర్లు. షోలాపూర్ నుంచి పుణె దాటి ముంబై చేరేంత దూరం దాదాపు.

దాంతోనే అయిపోలేదు. పెద్ద పొర తన మట్టుకు తాను 251 మీటర్లకు ఒకసారి వస్తూనే ఉంటుంది, చాలా ఎత్తు నుంచి చూస్తే ఇంకా మసకగా కనిపించేది. ఇదీ నాయననే అడిగాను. "సాంచె గొట్టే దెబ్బ ఎప్పుడూ ఒక్క తీరే ఉంటది. మీ తాత చేతి మగ్గం మీద నేసినప్పుడు ఒక్కోకాడ గట్టిగ, ఒక్కోకాడ వదులు. గందుకే గా బట్టల కన్ను ఒక్కకాడ ఆగదు" అన్నాడు. గాలి అన్ని చోట్లా ఒక్క బలంతో వీయదు కదా అని నాకు అప్పుడు తట్టింది. కిలోమీటర్ల వెడల్పున మెల్లగా మారే గాలి మచ్చలు వేసి, ఒకచోట అలలు పెంచి, ఒకచోట తగ్గించాను. తెల్లవారుజామున మళ్ళీ టీవీ మీద పెట్టి నాయనను లేపాను. గడప దగ్గర కూర్చుని చాలాసేపు చూశాడు. "ఇప్పుడు నాకు దొరుకతలేదు" అన్నాడు.

వారం తర్వాత పని ఇచ్చినవాళ్ళ నుంచి ఒక్క లైను జవాబు వచ్చింది: ఇప్పుడు బాగుంది, ముందుకు పోండి. ఫోన్ చేసి నాయనకు చెప్పాను. "ఊఁ" అని, "అక్కడ నీళ్ళు సరిగ్గ వస్తున్నయా?" అని అడిగి అమ్మకు ఫోన్ ఇచ్చేశాడు. కానీ టీ కొట్టు దగ్గర ఎవరో అడిగితే "మావోడు నీళ్ళు నేస్తడు" అన్నాడని తర్వాత అమ్మ చెప్పింది. అమ్మ కూడా ఇప్పుడు "కంప్యూటర్ పని" అనడం మానేసింది.

ఆ చలికాలంలో ఇద్దరినీ రత్నగిరి వైపు తీసుకుపోయాను. అమ్మానాన్నలు ఇద్దరూ సముద్రం చూడటం అదే మొదటిసారి. అమ్మ కాళ్ళు తడుపుకుని, నెత్తి మీద నీళ్ళు చల్లుకుని, వద్దన్నా వినకుండా ఒక సీసాలో ఉప్పు నీళ్ళు నింపుకుంది. నాయన రాళ్ళ మీద కూర్చుని గంటసేపు చూశాడు. ఎవరో వదిలిన కొబ్బరికాయ ఒకటి దూరంగా తేలుతూ ఉంది. అలలు దాని కింద నుంచి పోతున్నాయి, అది మాత్రం ఉన్నచోటనే లేస్తూ దిగుతూ ఉంది. గెర్స్ట్‌నర్ సంగతి అప్పుడు నాయనకు చెప్పాను. తల ఊపి, "నురుగు గూడ అంతే. అల పోతున్నది, లోపలి నురుగు ఉన్నకాడనే ఉంటున్నది. నీ దాంట్ల అలతోటి ఉరుకుతది. ఇంకోటి, పొద్దుగూకే యాళ్లకు నురుగు పసుపు పచ్చగ ఉన్నది, నీది సున్నం లెక్క తెల్లగ ఉంటది" అన్నాడు. రెండూ నిజమే. రెండూ రాసుకున్నాను.

అప్పుడే, ఇన్నేళ్ళు అడగలేనిది అడిగాను. "ఆ రెండు సాంచెలు అమ్మినందుకు నీకు బాధ లేదా నాయనా?"

"ఉండదా? ఉన్నది" అన్నాడు వెంటనే. "నీ మీద కాదు. గవి ఉంటే మీ అమ్మ బీడీలు ఐదారేండ్ల ముందే బంద్ చేస్తుండె. ఆమె నడుము గట్ల అయ్యేది కాదు."

నేనేమీ అనలేకపోయాను. అనడానికి ఏముంది? నా చదువు ఖర్చు అమ్మ నడుము మీద పడిందన్నది నిజం. గేములో నీళ్ళు బాగా వచ్చినంత మాత్రాన ఆ బాకీ తీరదు. కానీ ఆ మాట నాయన నోటి వెంట వచ్చినాక మా ఇద్దరి మధ్య ఉన్న మౌనం పోయింది. పోయిన ఏడాది అమ్మ బీడీల చాట పక్కన పెట్టింది. నాయన మిగిలిన రెండు సాంచెల్లో ఒకటి ఇంకా నడుపుతూనే ఉన్నాడు, ఊరికే కూర్చోలేనంటాడు.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. మన బస్తీల్లో పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలు చాలామంది గేములు చేస్తాం, యానిమేషన్ నేర్చుకుంటాం అంటున్నారు. తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. నేను చెప్పేది ఇదే. సాంచె అమ్మి, పుస్తెలు కుదువపెట్టి ముందే లక్షలు కట్టకండి. బ్లెండర్, గోడో లాంటి సాఫ్ట్‌వేర్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఆరు నెలలు పిల్లవాణ్ణి వాటి మీద కూర్చోనివ్వండి. ఒక చిన్న చెరువు, దాని మీద నాలుగు అలలు సొంతంగా చేసి చూపించగలిగితే అప్పుడు ఫీజు సంగతి ఆలోచించండి. ఫీజు కట్టేముందు అక్కడ చదివి బయటికి వచ్చిన పిల్లలను, సంస్థవాళ్ళు చూపించినవాళ్ళను కాదు, మీరే వెతికి కలవండి. లెక్కల్లో సైన్, కొసైన్ వదిలేయవద్దని పిల్లలకు చెప్పండి, అలలన్నీ వాటితోనే కట్టాలి.

పిల్లలకు ఇంకో మాట. పని మధ్యలో ఆగిపోతే, ఎక్కడ తప్పిందో తెలియకపోతే, ఇంట్లో నాయననో అమ్మనో పిలిచి ఒకసారి చూపించండి. వాళ్ళకు కంప్యూటర్ రాదు కదా అనుకోకండి. చూపించి, వాళ్ళు చూస్తున్నంతసేపు మీరు మాట్లాడకండి.